కలిసి ఉన్న ఇల్లు ఖాళీ చేస్తున్నారా? నోటీస్, అద్దె, అడ్వాన్స్ లెక్క తేల్చుకోవడం ఎలా

నలుగురం ఉండే ఇంట్లోంచి నేను మొదటిసారి ఖాళీ చేసినప్పుడు, ఆ సంగతి రూమ్మేట్‌కి ఎప్పుడు చెప్పానంటే, అతను ఒక కాలికి బూటు వేసుకుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతున్నప్పుడు. "వచ్చే నెల వెళ్లిపోతున్నా" అన్నాను. "ఊఁ" అన్నాడు. నా లెక్కలో నోటీస్ ఇచ్చేశాను. అతని లెక్కలో నేనేదో అన్నాను, అంతే. నెల తిరిగి నేను అట్టపెట్టెలు తెచ్చేసరికి గొడవ మొదలైంది. చెప్పానని నేను, చెప్పలేదని అతను. చెప్పావే అనుకో, "వచ్చే నెల" అంటే మొదటి వారమా, చివరి వారమా అని ఇంకొకరు. చివరికి సగం నెల అద్దె అదనంగా కట్టి బయటపడ్డాను. ఆ డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను గానీ, రెండేళ్లు కలిసి ఉన్న మనిషి ఆ తర్వాత నా ఫోన్ ఎత్తకపోవడం మాత్రం గుర్తుంది.

తర్వాత ఇంకో మూడు ఇళ్లు మారాక అర్థమైంది ఏంటంటే, ఇల్లు వదిలేటప్పుడు మూడు తేదీలు ఉంటాయి. మీరు వెళ్తున్నట్టు చెప్పిన రోజు. సామాన్లతో బయటికి నడిచే రోజు. మీ వాటా అద్దె ఆగే రోజు. చివరి రెండూ ఒకటేనని మనం అనుకుంటాం, కానీ మిగిలినవాళ్లు అనుకోరు. ఒక కాగితం మీద ఈ మూడు తేదీలూ పక్కపక్కన రాసి అందరిచేతా సరే అనిపించుకోండి. కింద చెప్పేవన్నీ ఆ మూడు తేదీలు ఎలా తేల్చాలో, వాటిని బట్టి డబ్బు ఎలా లెక్క కట్టాలో చెప్పేవే.

మొదట అగ్రిమెంట్ తీసి చదవండి

ఎవరికీ ఏమీ చెప్పకముందే చదవండి. చేరిన రోజు సంతకం పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ తర్వాత మనం మళ్లీ తెరవని కాగితం అది. అందులో ముందు చూడాల్సింది ఎవరెవరి పేర్లు ఉన్నాయని.

అందరి పేర్లూ ఒకే అగ్రిమెంట్‌లో ఉంటే, సాధారణంగా మొత్తం అద్దెకి అందరూ కలిసీ, ఎవరికి వాళ్లు విడిగానూ బాధ్యులు. అంటే ముగ్గురిలో ఒకరు కట్టకపోతే ఆ సొమ్ము మిగతా ఇద్దరిలో ఎవరి దగ్గరైనా అడిగే హక్కు ఓనర్‌కి ఉంటుంది. "నా వాటా నేను కట్టేశాను" అన్న మాట మీ ముగ్గురి మధ్య చెల్లుతుంది, ఓనర్ ముందు చెల్లదు. ఇందులో వెళ్లిపోయేవాళ్లకి ఒక చిక్కు ఉంది. మీరు గది ఖాళీ చేసినా, కాగితం మీద పేరు ఉన్నంతకాలం ఆ బాధ్యత మీ వెంట వస్తూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత మిగిలినవాళ్లు అద్దె ఎగ్గొడితే ఓనర్ మీకూ ఫోన్ చేయొచ్చు. కాబట్టి ఇలాంటి ఇంట్లో సామాన్లు సర్దడం సగం పని, పేరు తీయించుకోవడం మిగతా సగం.

అగ్రిమెంట్ ఒక్కరి పేరు మీదే ఉండి, మిగతావాళ్లు ఆ ఒక్కరికి డబ్బిస్తూ ఉంటే, మీ నోటీస్ వెళ్లాల్సింది ఆ ఒక్కరికి. ఆ ఒక్కరు మీరే అయితే మాత్రం సంగతి బరువైనది. మీరు వెళ్లిపోతే మిగతావాళ్లకి ఆ ఇంట్లో ఉండే హక్కే లేకుండా పోవచ్చు. ఓనర్‌తో మాట్లాడి అగ్రిమెంట్ వాళ్లలో ఒకరి పేరు మీదకి మార్చేదాకా మీ పని అయిపోయినట్టు కాదు. ఎవరి గదికి వాళ్లకి విడి అగ్రిమెంట్ ఉంటే అన్నిటికన్నా తేలిక, ఓనర్‌కి రాసి పంపితే చాలు. రూమ్మేట్లకి చెప్పడం మర్యాద.

అసలు కాగితమే లేదా? అప్పుడు అద్దె కట్టే తేదీలే ఆధారం. నెలనెలా కడుతున్నట్టయితే, కనీసం ఒక పూర్తి నెల ముందు చెప్పడం న్యాయం. చాలా చోట్ల చట్టమే ఇంత గడువు అని నిర్ణయిస్తుంది, కొన్ని చోట్ల అగ్రిమెంట్‌లో దానికి విరుద్ధంగా రాసుకున్నా చట్టం మాటే నిలుస్తుంది. మీరున్న చోట అద్దెదారుల చట్టం ఏం చెబుతుందో ఒకసారి చూసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది.

పేర్లు చూశాక, నోటీస్ గడువు ఎన్ని రోజులో చూడండి. అంతకన్నా ముఖ్యం, అది ఏ రోజు నుంచి మొదలవుతుందో చూడటం. "నెల రోజుల నోటీస్" అని ఉంటే మీరు ఇచ్చిన రోజు నుంచి నెల. "ఒక పూర్తి అద్దె నెల" అని ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. అద్దె నెల 1వ తేదీన మొదలవుతుంది అనుకోండి. మీరు ఫిబ్రవరి 28న నోటీస్ ఇస్తే మార్చి 31తో మీ బాధ్యత తీరుతుంది. అదే మార్చి 5న ఇస్తే, మార్చి ఎలాగూ మొదలైపోయింది కాబట్టి ఏప్రిల్ అంతా లెక్కలోకి వస్తుంది, ఏప్రిల్ 30 దాకా కట్టాలి. ఐదు రోజుల ఆలస్యానికి నెల అద్దె. కొత్త ఇంటికి మాట ఇచ్చేముందు ఈ ఒక్క ముక్క చూసుకుంటే చాలా మిగులుతుంది.

ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదన్న లాకిన్ షరతు ఉందేమో కూడా చూడండి. ఉంటే, ముందే వెళ్లాలంటే ఎంత కట్టాలో, మీ బదులు వేరొకరిని తెస్తే ఒప్పుకుంటారో లేదో సాధారణంగా ఆ కిందే రాసి ఉంటుంది.

ఇంట్లోవాళ్లకి ముందు, ఓనర్‌కి తర్వాత

వరుస ఇదే. మీరు వెళ్తున్న సంగతి రూమ్మేట్లకి ఓనర్ నోటి ద్వారా తెలిస్తే ఆ తర్వాత ఏ లెక్కా సాఫీగా సాగదు. అందరూ ఒకచోట ఉన్నప్పుడు, కూర్చుని, ఎదురుగా చెప్పండి. వంటింట్లోకీ గదిలోకీ నడుస్తూ చెప్పకండి. బూట్లు వేసుకుంటున్న మనిషికి అస్సలు చెప్పకండి. ఆ రోజే, పడుకునేలోపు, అదే విషయం ఇంటి గ్రూప్‌లో మెసేజ్‌గా పెట్టండి. నోటితో చెప్పడం మర్యాద కోసం, రాయడం లెక్క కోసం. మొహమాటపడి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ.

మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

"నేను జూన్ 30న గది ఖాళీ చేస్తున్నాను. ఆ రోజు దాకా అద్దె, బిల్లుల్లో నా వాటా నేను కడతాను. జూలై 1 నుంచి ఉండేలా కొత్త మనిషిని వెతికే పని ఇవాళే మొదలుపెడుతున్నాను. అప్పటికి ఎవరూ దొరక్కపోతే గది అద్దె సంగతి ఏం చేద్దామో ఈ ఆదివారం మాట్లాడుకుందాం. చూసినట్టు ఒక్క మాట రాయండి."

ఆ చివరి వాక్యం మర్చిపోకండి. రెండు నీలం టిక్కులు చూసినదానికి గుర్తే గానీ, ఒప్పుకున్నదానికి కాదు.

ఇంతకీ ఎన్ని రోజుల ముందు చెప్పాలి? అగ్రిమెంట్‌లో 30 రోజులు ఉంటే 30 రోజులే చాలని అనిపిస్తుంది. కానీ ఒక్కసారి అవతలివైపు నుంచి చూడండి. గది ఖాళీ అని నలుగురికీ చెప్పాలి, మనుషులు వచ్చి చూడాలి, ఇంట్లోవాళ్లకి నచ్చాలి. దానికే రెండు వారాలు పోతాయి. నచ్చిన మనిషి కూడా ఇప్పుడు ఎక్కడో అద్దెకే ఉంటారు, వాళ్లూ అక్కడ నెల నోటీస్ ఇచ్చి రావాలి. అంటే ఏ ఆటంకం లేకుండా జరిగినా నెలన్నర. అందుకే మీకు విషయం ముందే తెలిస్తే 45 నుంచి 60 రోజుల ముందు చెప్పండి. తేదీ ఇంకా ఖాయం కాకపోయినా "ఉద్యోగం మారేలా ఉన్నాను, ఖాయమైతే జూన్ ఆఖరుకి వెళ్తాను" అని చెవిన వేయండి. ఇది నోటీస్ కాదని ఆ మాటలోనే చెప్పేయండి, లేకపోతే వాళ్లు రేపే మీ గదికి మనిషిని మాట్లాడేస్తారు.

ఓనర్‌కి రాసేది

ఓనర్‌కి ఫోన్ చేసి చెప్పినా సరే, వెంటనే రాసి పంపండి. అగ్రిమెంట్‌లో ఉత్తరమే పంపాలని ఉంటే ఉత్తరం, ఈమెయిల్ చాలంటే ఈమెయిల్. అందులో ఉండాల్సినవి తక్కువే: ఇంటి చిరునామా, మీ పేరు, నోటీస్ ఇస్తున్న తేదీ, ఖాళీ చేసే తేదీ, అడ్వాన్స్‌లో మీ వాటా ఎంత, ఇల్లు చూసుకోవడానికి ఎప్పుడు వస్తారని ఒక ప్రశ్న.

వీటితో పాటు ఇంకో వాక్యం ఉంది. అందరి పేర్లూ ఉన్న అగ్రిమెంట్ అయితే అది తప్పనిసరి: "ఈ నోటీస్ నా ఒక్కరికి సంబంధించినది. మిగతా ఇద్దరూ ఇదే ఇంట్లో కొనసాగాలనుకుంటున్నారు." ఉమ్మడి అగ్రిమెంట్‌లో ఒకరు ఇచ్చే నోటీస్‌తో ఒప్పందం మొత్తం రద్దయ్యే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మీరు మీ దారి చూసుకుందామని రాసిన నాలుగు లైన్లతో మిగతా ఇద్దరూ రోడ్డున పడే పరిస్థితి రావచ్చు. అలాంటి అనుమానం ఏ కొంచెం ఉన్నా, నోటీస్ పంపేముందు ముగ్గురూ కలిసి ఓనర్‌తో మాట్లాడండి. మీ పేరు తీసేసి కొత్త మనిషి పేరు చేర్చేలా కాగితం తిరగరాయమని అడగండి. ఆ కొత్త కాగితం మీద సంతకాలు పడ్డాక, ఫలానా తేదీ నుంచి మీకు బాధ్యత లేదని ఓనర్ చేత ఒక లైను రాయించుకుని దాచుకోండి.

ఖాళీగా ఉండే గది ఎవరి నెత్తిన?

నోటీస్ అందరూ బుద్ధిగానే తీసుకుంటారు. మాటలు పెరిగేది ఈ ప్రశ్న దగ్గర. మీ గడువు 30వ తేదీతో తీరింది, కొత్త మనిషి 18 రోజుల తర్వాత గానీ రాడు. ఆ 18 రోజుల అద్దె ఎవరిది?

అగ్రిమెంట్ గడువు పూర్తిగా పాటించి, వెతకడంలో మీ వంతు పని చేసి ఉంటే, ఇంట్లోవాళ్ల మధ్య లెక్కలో ఆ అద్దె మీది కాదు. నా అభిప్రాయం మాత్రం ఇది: ఉమ్మడి అగ్రిమెంట్ అయితే సగం మీరు భరించడం బాగుంటుంది. ఎందుకంటే వెళ్లాలన్నది మీ నిర్ణయం, దాని ఖర్చు వాళ్ల మీద పడుతోంది. అయితే దీనికి ఒక హద్దు ముందే పెట్టుకోవాలి. "గడువు తర్వాత గరిష్ఠంగా 15 రోజులు, అందులో సగం నాది" అని మొదటి ఆదివారమే మాట్లాడుకుంటే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. గది ఖాళీగా పడి ఉన్నప్పుడు మాట్లాడితే తేలదు.

వెతికే పని మీది, ఎంచుకునే హక్కు వాళ్లది. కలిసి బతకాల్సింది వాళ్లు కదా. కానీ ఆ హక్కుకీ ఒక అంతు ఉండాలి. అద్దె కట్టగలిగే, మామూలుగా ఉండే మనుషుల్ని ముగ్గుర్ని మీరు తీసుకొస్తే, ముగ్గుర్నీ "ఎందుకో నచ్చలేదు" అని తిప్పి పంపితే, ఆ తర్వాత ఖాళీ రోజుల లెక్క మీకు అంటకూడదు. ఎవరెవర్ని ఏ రోజు తీసుకొచ్చారో గ్రూప్‌లో మెసేజ్ పెడుతూ ఉండండి. నిందలు వేయడానికని కాదు, తేదీలు తర్వాత ఎవరికీ గుర్తుండవు.

కొత్త మనిషి విషయంలో ఒక జాగ్రత్త. ఓనర్ ఒప్పుకోకుండా తాళంచెవి చేతిలో పెట్టకండి. ఓనర్‌కి తెలియకుండా గది వేరొకరికి ఇవ్వడం చాలా అగ్రిమెంట్లలో నిషేధం. పైగా అలా వచ్చిన మనిషి అద్దె కట్టకపోయినా, ఏదైనా పగలగొట్టినా, కాగితం మీద ఉన్నది మీ పేరే.

నెల మధ్యలో వెళ్తే అద్దె లెక్క

నెలాఖరుకి వెళ్తే లెక్కే లేదు. మధ్యలో వెళ్తేనే రోజుల మీద పంచుకోవాలి. దీనికి జనం మూడు రకాలుగా చేస్తారు. ఒకే ఉదాహరణతో చూద్దాం, అంకెలు తేలికగా ఉండేలా నేనే పెట్టాను: నెలకి మీ వాటా 9,300. నెలలో 31 రోజులు. మీరు 19వ తేదీ దాకా ఉంటారు, కొత్త మనిషి 20న వస్తారు.

ఆ నెలలో నిజంగా ఉన్న రోజులతో భాగిస్తే, రోజుకి 300. మీరు 19 రోజులకి 5,700, కొత్త మనిషి 12 రోజులకి 3,600. కలిపితే 9,300, సరిగ్గా కుదిరింది.

ఏ నెలనైనా 30 రోజులే అనుకుని భాగిస్తే, రోజుకి 310. మీరు 5,890, కొత్త మనిషి 3,720. కలిపితే 9,610. అంటే వసూలు చేసినవాళ్ల దగ్గర 310 మిగిలింది. ఎవరూ మోసం చేయలేదు, లెక్కే అలా ఉంది. అదే ఫిబ్రవరిలో అయితే తిరగబడుతుంది, రెండు రోజుల అద్దె తగ్గి ఎవరో ఒకరు జేబులోంచి వేసుకోవాలి.

సంవత్సరం మొత్తం అద్దెని 365తో భాగించడం మూడోది. 1,11,600ని భాగిస్తే రోజుకి దాదాపు 305.75, మీకు 5,809. ఓనర్లు, ఏజెన్సీలు వాడే పద్ధతుల్లో ఇదొకటి, ఎక్కువ నెలల మీద చూస్తే న్యాయంగానే ఉంటుంది. ఇంట్లోవాళ్ల మధ్య మాత్రం మొదటి పద్ధతే వాడండి, నెల అద్దెకి పైసా అటూ ఇటూ కాకుండా కుదిరేది అదొక్కటే. ఓనర్ అగ్రిమెంట్‌లో వేరే పద్ధతి రాసి ఉంటే ఓనర్‌తో దాని ప్రకారం నడవాలి.

రోజు అంటే ఏమిటన్నది కూడా తేల్చుకోండి. 19న పొద్దున్నే వెళ్లిపోతే ఆ రోజు లెక్కా? నేను రాత్రులు లెక్కపెడతాను. ఆ ఇంట్లో పడుకున్న రాత్రి మీది, పడుకోనిది కాదు. ఒక మంచం, కుర్చీ అక్కడే వదిలేసి "వచ్చే వారం తీసుకెళ్తా" అంటే మాత్రం ఆ గది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. కొత్త మనిషి మీ మంచం పక్కన చాప వేసుకుని పడుకోలేడు కదా.

వెళ్లాక వచ్చే బిల్లులు

కరెంట్, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్. ఇవన్నీ మీరు వెళ్లిపోయిన రెండు మూడు వారాలకి వస్తాయి, అప్పటికి ఎవరికీ ఓపిక ఉండదు.

మీటర్ ఉన్నవాటికి మందు ఒకటే. వెళ్లే రోజు మీటర్ దగ్గర నిలబడి, అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టండి. చీకటి మూల ఉంటే ఇంకో ఫోన్ టార్చ్ వేయించండి. కిందటి బిల్లులో రీడింగ్‌కీ ఈ ఫొటోకీ మధ్య తేడాలో మాత్రమే మీకు వాటా. ఆ తర్వాత ఎవరు ఎంత వాడుకున్నా మీకు పనిలేదు.

మీటర్ లేనివాటికి, నెలకింత అని వచ్చేవాటికి, మనిషి-రోజుల లెక్క బాగుంటుంది. ముగ్గురున్న ఇల్లు, 30 రోజుల బిల్లు, మీరు 12 రోజులే ఉన్నారు. 30, 30, 12 కలిపితే 72 మనిషి-రోజులు. బిల్లు 2,160 వస్తే మనిషి-రోజుకి 30. మీకు 360, మిగతా ఇద్దరికీ చెరో 900. "మూడో వంతులో సగం కంటే తక్కువ" లాంటి నోటి లెక్కలతో తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

బిల్లు వచ్చేదాకా ఆగలేకపోతే, గత మూడు బిల్లుల సగటు తీసి ఆ లెక్కన కట్టేయండి. అసలు బిల్లు వచ్చాక తేడా ఉంటే సర్దుకుందామని రాసుకోండి. ఏ కనెక్షన్ మీ పేరు మీద ఉందో చూసి, దాన్ని ఇంకొకరి పేరుకి మార్చేదాకా వదలకండి. నా స్నేహితురాలు ఒకావిడ ఇల్లు వదిలిన ఏడాది దాకా ఎవరో చూసే సినిమాలకి ఇంటర్నెట్ బిల్లు కడుతూనే ఉంది, బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే పోతుంటే గమనించలేదు.

అడ్వాన్స్: గొడవలన్నిటికీ పుట్టిల్లు

ముందు ఒక మాట. ఆఖరి నెల అద్దె కట్టకుండా "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనడం చాలామందికి అలవాటు. ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరే. లేకపోతే చేయకండి. అడ్వాన్స్ ఉన్నది ఇంటికి నష్టం జరిగితే వాడుకోవడానికి. దాన్ని అద్దెకి ఖర్చు చేసేస్తే, రేపు మీ గదిలో పగిలిన అద్దానికి మిగతావాళ్ల అడ్వాన్స్‌లోంచి పోతుంది.

కలిసి ఉన్న ఇంట్లో అడ్వాన్స్ ఇంకో రకంగా చిక్కు. ఓనర్ దగ్గర ఉన్నది ఒకే మొత్తం. ఇల్లంతా ఖాళీ అయితే తప్ప ఆయన తిరిగి ఇవ్వడు, మధ్యలో ఒక్కరు వెళ్తే మీ వాటా విడిగా ఇవ్వాల్సిన పని ఆయనకి ఉండకపోవచ్చు. కాబట్టి వాడుకలో జరిగేది ఏంటంటే, కొత్తగా వచ్చే మనిషి తన అడ్వాన్స్ నేరుగా మీకు ఇచ్చేస్తారు, ఓనర్ దగ్గర ఉన్నది ఇక వాళ్లదైపోతుంది. పద్ధతి తేలికే. కానీ మీరు గోడకి కొట్టిన మేకుల రంధ్రాలకి రెండేళ్ల తర్వాత కొత్త మనిషి అడ్వాన్స్‌లోంచి కోత పడుతుంది. వాళ్లకి అది తెలిసే సరికి మీరు ఏ ఊళ్లో ఉంటారో.

న్యాయంగా చేయాలంటే, డబ్బు చేతులు మారకముందే మీరు, మిగిలేవాళ్లు, వీలైతే కొత్త మనిషి కలిసి ఇల్లంతా ఒకసారి నడవండి. ప్రతి గదికీ రెండు మూడు ఫొటోలు. మంచం జరిపి వెనక గోడ చూడండి, పరుపు ఆనుకుని రంగు ఊడిన చోటు అక్కడే ఉంటుంది. సింక్ కింద తలుపు తీసి చూడండి. కిటికీ గడియ పడుతుందో లేదో వేసి చూడండి. చేరిన రోజు తీసుకున్న ఫొటోలు ఉంటే పక్కన పెట్టుకోండి.

ప్రతి మచ్చా నష్టం కాదు. ఎండకి వెలిసిన రంగు, నడిచిన చోట అరిగిన నేల, వదులైన తలుపు పిడి, ఇవన్నీ మనుషులు బతికితే వచ్చే అరుగుదల. దానికి డబ్బు పట్టుకోవడం న్యాయం కాదు. ఇస్త్రీ పెట్టె కాలిన గుర్తు, పగిలిన అద్దం, ఊడబెరికిన అల్మారా తలుపు, ఇవి నష్టం. నష్టమైనా వస్తువు వయసు చూడాలి. గోడ రంగు ఐదేళ్లు ఉంటుందని మీరందరూ అనుకుంటే, అది వేసి మూడేళ్లయితే, ఇప్పుడు మళ్లీ వేయించే ఖర్చులో ఐదింట రెండు వంతులే మీ మీద వేయొచ్చు. మిగతా మూడు వంతులూ ఎలాగూ వాడుకలో అయిపోయాయి.

మీ గదిలోది మీ ఖాతాలో, హాలు, వంటింటిది అందరి ఖాతాలో. మొత్తం అడ్వాన్స్ 60,000, మీ వాటా 20,000 అనుకుందాం. హాల్లో నష్టం 3,000, ముగ్గురికి తలా 1,000. మీ గదిలో 2,500. అంటే మీకు తిరిగి రావాల్సింది 16,500. కొత్త మనిషి 20,000 ఇస్తే, మీరు 16,500 తీసుకుని, 3,500 ఇంటి మరమ్మతులకని మిగిలేవాళ్ల చేతిలో పెట్టండి. దేనికి ఎంతో రాసి, ఫొటోలతో పాటు కొత్త మనిషికీ పంపండి. ఇల్లు మొత్తం ఖాళీ అయ్యే రోజున, ఆ నష్టం తమది కాదని చూపించడానికి వాళ్లకి అదే ఆధారం.

కొత్త మనిషి ఇంకా రాలేదు, మిగిలేవాళ్ల చేతిలో డబ్బు లేదు. అప్పుడేం చేయాలి? తేదీ రాయించుకోండి. "కొత్త మనిషి వచ్చిన వారంలోగా, లేదా ఆగస్టు 31, ఏది ముందైతే అది." తేదీ లేని బాకీ క్రమంగా మొహమాటంగా మారుతుంది. మీరు అడగలేరు, వాళ్లు గుర్తుచేయరు.

కలిసి కొన్న సామాన్లు

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, సోఫా. కొన్న ధర మర్చిపోండి, ఇప్పుడు పాత సామాన్లలో అమ్మితే ఎంతొస్తుందో అదే విలువ. ధర దగ్గర పేచీ వస్తే నేనొక ఉపాయం చెబుతాను: ఒకరు ధర చెప్పాలి, ఆ ధరకి తన వాటా అమ్ముకోవాలా, అవతలివాళ్ల వాటా కొనుక్కోవాలా అన్నది రెండోవాళ్లు తేల్చాలి. ఇక ఎవరూ ఎక్కువా చెప్పరు, తక్కువా చెప్పరు.

చిన్నవి వదిలేయండి. గిన్నెల స్టాండ్‌లో మూడో వంతు కోసం మాట్లాడేవాళ్లని నేను చూశాను.

ఆఖరి రోజు

సామాన్లు బండెక్కించేముందు ఒక్క కాగితం, లేదా గ్రూప్‌లో ఒక్క మెసేజ్. లెక్కంతా అందులోనే: ఈ నెల అద్దెలో నా వాటా ఇంత, కట్టాను. కరెంట్ రీడింగ్ ఇంత, నా వాటా సుమారు ఇంత, బిల్లు వచ్చాక సర్దుబాటు. అడ్వాన్స్ ఇంత, కోత ఇంత, నాకు రావాల్సింది ఇంత, ఈ తేదీలోగా. ఫ్రిజ్‌లో నా వాటాకి ఇంత వచ్చింది. తాళంచెవులు రెండు, ఫలానా వాళ్ల చేతికి ఇస్తాను. అందరూ కింద "సరే" అని రాయాలి. ఆ సరే వచ్చాకే తాళంచెవి ఇవ్వండి. మీరు చేయించుకున్న అదనపు తాళంచెవి ఏ బ్యాగు అడుగున ఉందో అది కూడా తీసి ఇవ్వండి. కొన్ని చోట్ల తాళంచెవులన్నీ తిరిగి వచ్చేదాకా ఇల్లు అప్పగించినట్టు లెక్క కాదు.

గది ఊడ్చి, ఫ్రిజ్‌లో మీ అర ఖాళీ చేసి తుడవండి. అడుగున అంటుకుపోయిన ఆ సీసా మీదే, ఎవరిదో అని తలతిప్పుకోకండి. ఉత్తరాలు, పార్సిళ్లు, బ్యాంకు చిరునామాలు మార్చుకునే పని వెళ్లే ముందు వారంలో మొదలుపెడితే, పాత ఇంటి తలుపు మళ్లీ తట్టే పని తప్పుతుంది.

హఠాత్తుగా వెళ్లాల్సి వస్తే

అందరికీ రెండు నెలల ముందు తెలియదు. ఇంట్లో ఎవరికో బాగాలేకో, ఉద్యోగం పోయో వారంలో వెళ్లాల్సి వస్తే, తెలిసిన గంటలోనే చెప్పండి. నోటీస్ గడువు అద్దె బాకీ ఉంటుంది, అది కాదనకండి. కానీ వాయిదాల్లో కడతానని అడగొచ్చు, కొత్త మనిషి ముందే దొరికితే ఆ రోజు నుంచి నా అద్దె ఆపండి అని అడగొచ్చు. ఒకే గదికి ఇద్దరి దగ్గరా అద్దె తీసుకోవడం న్యాయం కాదని ఎవరైనా ఒప్పుకుంటారు.

ఆ ఇంట్లో ఉండటం మీకు ప్రమాదమైతే ఈ వరుసలేమీ పట్టించుకోకండి. ముందు బయటపడండి. లెక్కలు నమ్మకమైన ఇంకొకరి ద్వారా తర్వాత తేల్చుకోవచ్చు.

రావాల్సిన డబ్బు గడువు దాటినా రాకపోతే, వారం ఆగి, అప్పటి "సరే" ఉన్న మెసేజ్‌ని పైకి తెచ్చి మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి. ఇంకో వారం తర్వాత తేదీ పెట్టి రాయండి. దానికీ జవాబు లేకపోతే, చిన్న మొత్తాల తగాదాలు చూసే వేదికలు చాలా చోట్ల ఉంటాయి, వాటి ముందు మీ మెసేజ్‌లు, ఫొటోలే సాక్ష్యం. కాబట్టి ఆఖరి బిల్లు తీరి, అడ్వాన్స్ పూర్తిగా చేతికొచ్చేదాకా ఆ ఇంటి గ్రూప్‌లోంచి బయటికి రాకండి. ఫోన్ మార్చేముందు ఆ ఫొటోలు ఇంకోచోట దాచి పెట్టుకోండి.